పాత సీసీడీ బ్యాక్ పోయింది, టెక్నికల్ కెమెరాకి ఇప్పుడు ఏ డిజిటల్ బ్యాక్ తీసుకోవాలి?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, పొరపాటు పడితే సరిదిద్దండి. మీ దగ్గర టెక్నికల్ కెమెరా (లెన్స్‌నీ వెనక భాగాన్నీ పక్కకీ పైకీ జరపగలిగేది) ఉంది, దానికి రెండు లెన్సులు: ష్నైడర్ అపో-డిజిటార్ 35 ఎక్స్ఎల్, రోడెన్‌స్టాక్ డిజరాన్-డబ్ల్యూ 70. ఇన్నేళ్లూ వాడిన 39 మెగాపిక్సెల్ సీసీడీ బ్యాక్ (కెమెరా వెనక తగిలించే సెన్సర్ పెట్టె, సీసీడీ అంటే పాత రకం సెన్సర్) చచ్చిపోయింది, బాగుచేసేవాళ్లు లేరు. ఎక్కువగా తీసేది భవనాలు, లోపలి గదులు, అప్పుడప్పుడు ప్రకృతి దృశ్యాలు. సెకండ్‌హ్యాండ్‌లో 80 మెగాపిక్సెల్ సీసీడీ తీసుకోవాలా, చిన్న సెన్సర్‌తో వచ్చే కొత్త 100 తీసుకోవాలా, లేక ఉన్నదంతా ఊడ్చి 150కి వెళ్లాలా అన్నది మీ సందేహం.

పిక్సెళ్ల సంఖ్య కాసేపు పక్కన పెట్టండి. మామూలు కెమెరాకి బ్యాక్ కొంటే ఏ బ్యాక్ అయినా పనిచేస్తుంది. టెక్నికల్ కెమెరాకి అలా కాదు. ఇక్కడ లెన్స్ సెన్సర్‌కి చాలా దగ్గరగా కూర్చుంటుంది, పైగా మనం దాన్ని పక్కకీ పైకీ జరుపుతాం, కాబట్టి ఏ బ్యాక్ పనికొస్తుందో తేల్చేది మీ లెన్సే. ఇంకా సూటిగా చెప్పాలంటే, మీ విషయంలో తేల్చేది ఆ 35. 70తో ఏ సమస్యా రాదు, దాన్ని ఏ సెన్సర్ ముందు పెట్టినా బంగారంలా పనిచేస్తుంది. అందుకే ఇక్కడినుంచి నేను చెప్పేదంతా 35 గురించే అనుకోండి.

35 ఎక్స్ఎల్ దాదాపు సౌష్టవంగా కట్టిన లెన్స్. దాంట్లోంచి వచ్చే కాంతి సెన్సర్‌కి సుమారు 35 మి.మీ. దూరం నుంచే వస్తున్నట్టు లెక్క. ఫ్రేము మధ్యలో నిటారుగా పడుతుంది, బాగానే ఉంటుంది. మీరు షిఫ్ట్ చేశారనుకోండి, అంటే జరిపారనుకోండి, సెన్సర్ అంచు లెన్స్ మధ్యగీత నుంచి 40 మి.మీ. దూరం వెళ్తుంది. అక్కడ కాంతి ఏటవాలుగా దాదాపు 49 డిగ్రీల కోణంలో పడుతుంది. ఒక్క కోణం వల్లే అక్కడ వెలుతురు రెండున్నర స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) పడిపోతుంది, అందుకే ఈ లెన్స్‌కి సెంటర్ ఫిల్టర్ (మధ్యలో ముదురుగా ఉండి వెలుతురుని సమం చేసేది) వాడేవాళ్లున్నారు. చీకటి ఒక్కటే అయితే పర్లేదు, రంగు కూడా మారుతుంది. ఒక పిక్సెల్ మీద పడాల్సిన కాంతి పక్క పిక్సెల్‌లోకి జారుతుంది, ఆకుపచ్చకి వెళ్లాల్సింది ఎరుపుకి వెళ్తుంది. ఫొటోకి ఒక పక్క గులాబీ ఛాయ, ఇంకో పక్క ఆకుపచ్చ ఛాయ వస్తాయి. దీన్నే కలర్ కాస్ట్ అంటాం. దీన్ని సరిచేయడానికే ప్రతి షిఫ్ట్‌కీ తెల్లటి పాలరంగు ప్లేటు లెన్స్ ముందు పట్టుకుని ఇంకో ఫ్రేము తీస్తాం, అదే ఎల్‌సీసీ. ఇవన్నీ మీరు రోజూ చేసేవే, తెలుసు. కానీ కాస్ట్ ఎంత వస్తుందన్నది సెన్సర్ లోపలి కట్టుబడిని బట్టి మారుతుంది, బ్యాక్ ఎంచుకునేటప్పుడు చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

పాత సీసీడీల్లో పిక్సెల్ మీద పెద్దగా వైరింగ్ ఉండదు, మీరు వాడిన తరం వాటిలో చాలావాటికి మైక్రోలెన్సులూ (పిక్సెల్ మీద కాంతిని కూడగట్టే బుల్లి గాజులు) లేవు. అందుకే ఏటవాలు కాంతిని అవి కాస్త ఓర్చుకునేవి. అదే కాలంలో వచ్చిన 31 మెగాపిక్సెల్ ఫేజ్ వన్ పీ30 ప్లస్‌కి మైక్రోలెన్సులు ఉండేవి, టెక్నికల్ కెమెరా వాళ్లు దాని జోలికి పోయేవాళ్లు కాదు. తర్వాత 2014లో సోనీ 50 మెగాపిక్సెల్ సీమాస్ (సీసీడీ తర్వాతి రకం) సెన్సర్‌తో బ్యాకులు మొదలయ్యాయి, ఫేజ్ వన్ ఐక్యూ250 అలాంటిదే. లైవ్ వ్యూ (దృశ్యం నేరుగా తెర మీద కనిపించడం) అద్భుతం, ఎక్కువ ఐఎస్ఓ కూడా శుభ్రంగా ఉండేది, అందరూ ఎగబడ్డారు. కానీ ఆ సెన్సర్‌లో కాంతిని పట్టే భాగం మీద తీగల పొర ఉంటుంది, దాంతో ఏటవాలుగా వచ్చే కిరణం గుంతలో పడ్డట్టు దారి తప్పుతుంది. 35 ఎక్స్ఎల్ లాంటి లెన్సుతో పది మిల్లీమీటర్లు జరిపితే ఎల్‌సీసీ కూడా కాపాడలేని మచ్చలు వచ్చేవి. సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పుడు ఆ 50లు చవకగా దొరుకుతున్నాయని ఎవరైనా చెప్తే, మీ 35 ఉన్నంతకాలం చెవిన పెట్టకండి. రోడెన్‌స్టాక్ వైడ్ లెన్సులు మాత్రమే ఉన్నవాళ్ల సంగతి వేరు. వాటిలో వెనక గాజు సెన్సర్‌కి దూరంగా ఉండేలా కడతారు, కాబట్టి కాంతి మరీ ఏటవాలుగా పడదు.

ఇక బీఎస్ఐ సెన్సర్లు, అంటే తీగల పొరని కాంతి పట్టే భాగానికి కిందకి పంపేసినవి. ఫేజ్ వన్ ఐక్యూ4 150 (2018), హాసల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ 100సీ (2024) రెండూ ఈ రకమే. 35 ఎక్స్ఎల్ లాంటి లెన్స్ మళ్లీ ధైర్యంగా వాడుకోగలిగింది వీటితోనే. కాస్ట్ అసలు రాదని కాదు. వస్తుంది, కానీ ఎల్‌సీసీతో చక్కగా పోతుంది, కింద పాడైన రంగేమీ మిగలదు. అంచుల్లో రెండున్నర స్టాపులు పైకి లేపినా నాయిస్ ఇబ్బంది పెట్టదు, సీసీడీలో అదే పని చేస్తే అంచంతా ఇసుక చల్లినట్టుండేది.

80 మెగాపిక్సెల్ సీసీడీ గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి చెప్తాను. నేనూ ఆ మోజులోంచే వచ్చాను. సీసీడీ రంగుల మీద జనానికి ఒక భక్తి ఉంటుంది, దాన్ని నేను వెక్కిరించను, ఎండలో, తక్కువ ఐఎస్ఓలో ఆ ఫైళ్లు నిజంగానే ముచ్చటగా ఉంటాయి. ఐక్యూ180 లాంటివి 5.2 మైక్రాన్ల పిక్సెల్‌తో, 645 ఫిల్మ్‌కి దాదాపు సమానమైన సెన్సర్‌తో వచ్చాయి. కానీ లైవ్ వ్యూ పేరుకే. పొడవైన ఎక్స్‌పోజర్లకి మీ పాత తరంలో ఫేజ్ వన్ పీ45 ప్లస్ గంటసేపు కూడా ఓర్చుకునేది, ఐక్యూ180 లాంటి 80 మెగాపిక్సెల్ సీసీడీలకి ఆ ఓపిక లేదు. సాయంత్రం వెలుతురులో గదుల లోపల పని అంటున్నారు, అక్కడే చిక్కు వస్తుంది. ఇంకోటి, పెద్ద సీసీడీల్ని ముక్కలు ముక్కలుగా చదువుతారు. ఆ ముక్కల మధ్య సమతూకం తప్పితే ఫ్రేము మధ్యలో గీత కనిపిస్తుంది. మామూలుగా కనపడదు, షిఫ్ట్ చేసినప్పుడు బయటపడుతుంది.

ఇది నాకు జరిగిందే. ఒక సెకండ్‌హ్యాండ్ సీసీడీ బ్యాక్ కొన్నాను. అమ్మినాయన పంపిన శాంపిళ్లన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, నేను అన్నీ వంద శాతంలో పెట్టి మూలమూలా చూశాను. మొదటి పనిలోనే ఒక పొడవాటి భవనం, మబ్బుల్లేని ఆకాశం, పదిహేను మిల్లీమీటర్లు రైజ్, అంటే పైకి షిఫ్ట్. కంప్యూటర్‌లో తెరిస్తే ఆకాశం నడిమధ్య నిలువునా గీత, ఎడమ సగం ఒక నీలం, కుడి సగం ఇంకో నీలం. ఎల్‌సీసీ పెడితే తగ్గింది కానీ పోలేదు. ఆ రాత్రంతా ఫొటోషాప్‌లో కూర్చుని ఆకాశానికి రంగు పూశాను, పొద్దున క్లయింట్‌కి ఇవ్వాలన్న టెన్షన్ వేరే. తర్వాత ఆ శాంపిళ్లు మళ్లీ తీసి చూస్తే అప్పుడు తట్టింది: అవన్నీ మామూలు రిఫ్లెక్స్ కెమెరా మీద, పొడవాటి లెన్స్‌తో తీసినవి. ఆయన మోసం చేయలేదు, ఆయన కెమెరాలో ఆ గీత ఎప్పుడూ కనపడలేదు, అంతే. అడగాల్సింది నేను, అడగలేదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి, 100 ఆ 150 ఆ. ముందు ఒక విషయం తెలిస్తే సగం గందరగోళం తగ్గుతుంది. రెండింటి పిక్సెల్ సైజూ ఒకటే, 3.76 మైక్రాన్లు. తరం కూడా దాదాపు ఒకటే. 150లోంచి మధ్యభాగం కత్తిరిస్తే వచ్చేది 100 అనుకోండి, పెద్ద తేడా లేదు. మీరు అదనంగా డబ్బు పెట్టేది నాణ్యతకి కాదు, వైశాల్యానికి. 150ది 53.4 × 40 మి.మీ., 100ది 43.8 × 32.9. మీ పాతది 49.1 × 36.8, అంటే ఈ రెంటికీ మధ్యలో ఉంది. కాబట్టి 100కి వెళ్తే మీ 35 ఇప్పటికంటే బిగుతుగా కనిపిస్తుంది, పాత బ్యాక్ మీద 39 లెన్స్ పెట్టినట్టు. 150కి వెళ్తే పాతదాని మీద 32 పెట్టినంత విశాలంగా ఉంటుంది. గదుల లోపల తీసేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు, గోడకి వీపు ఆనించి నిలబడ్డాక ఇంకో అడుగు వెనక్కి వేయలేం కదా.

కానీ రెండో వైపు చూడండి. 35 ఎక్స్ఎల్ ఇమేజ్ సర్కిల్, అంటే లెన్స్ వేసే గుండ్రటి బొమ్మ వెడల్పు, 90 మి.మీ. దాంట్లో 53.4 × 40 సెన్సర్‌ని అడ్డంగా పెడితే పక్కకి 13.6 మి.మీ., పైకి 16.2 మి.మీ. జరపొచ్చు, అంతకంటే ఎక్కువ కుదరదు. 43.8 × 32.9 అయితే పక్కకి 20, పైకి దాదాపు 23. ఇవి సర్కిల్ చివరిదాకా వెళ్లే లెక్కలు, నిజానికి ఆఖరి రెండు మూడు మిల్లీమీటర్లు ఎవరూ వాడరు, అక్కడ షార్ప్‌నెస్ ఉండదు. లెక్క మీరే వేసుకోవచ్చు: సర్కిల్ సగం వర్గంలోంచి సెన్సర్ అడ్డుకొలత సగం వర్గం తీసేసి, వర్గమూలం తీసి, దాంట్లోంచి సెన్సర్ ఎత్తు సగం తీసేస్తే పైకి ఎంత జరపొచ్చో వస్తుంది. పక్కకి కావాలంటే ఆ రెండు కొలతలూ అటూ ఇటూ మార్చండి. నేను ప్రతి లెన్స్‌కీ ఈ రెండు అంకెలు చిన్న కాగితం మీద రాసి లెన్స్ మూతకి అంటించుకున్నాను.

రోడెన్‌స్టాక్ డిజరాన్-ఎస్ 23, 28, 35లలో ఏదైనా తర్వాత కొనే ఆలోచన ఉంటే ఈ లెక్క ఇంకా కఠినంగా మారుతుంది, వాటి సర్కిల్ 70 మి.మీ. మాత్రమే. పెద్ద సెన్సర్ అడ్డంగా పెడితే పక్కకి రెండు మిల్లీమీటర్లు, పైకి రెండున్నర, అంటే షిఫ్ట్ లేనట్టే. అదే చిన్న సెన్సర్‌తో పక్కకి తొమ్మిది, పైకి దాదాపు పదకొండు. తమాషా ఏమిటంటే 23 లెన్స్ చిన్న సెన్సర్ మీద చూపించే దృశ్యం, 28 లెన్స్ పెద్ద సెన్సర్ మీద చూపించేదానితో సరిగ్గా సమానం. కానీ 23తో మీరు షిఫ్ట్ చేయగలరు, 28తో చేయలేరు. పెద్ద సెన్సరే ఎప్పుడూ మేలు అనేవాళ్లకి నేను ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తాను.

మరి మీ 35తో వెడల్పు తగ్గుతోంది కదా, దానికేం చేయాలి? కొత్త లెన్స్ కొనక్కర్లేదు. చిన్న సెన్సర్‌ని నిలువుగా పెట్టండి, ఒక ఫ్రేము ఎడమకి 12 మి.మీ. జరిపి, ఇంకోటి కుడికి 12 జరిపి తీయండి. రెండూ కలిపితే 56.9 × 43.8 మి.మీ. ఫ్రేము వస్తుంది, మధ్యలో దాదాపు 9 మి.మీ. రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి అతుకు తేలిగ్గా పడుతుంది. ఇది 150 సెన్సర్ కంటే పెద్దది, పిక్సెళ్లు కూడా 175 మిలియన్లకి పైనే. కావాల్సిన సర్కిల్ 72 మి.మీ.కి లోపే, మీ 90లో హాయిగా ఇమిడిపోతుంది. జరపాల్సింది లెన్స్‌ని కాదు, వెనక బ్యాక్‌ని. లెన్స్ కదిలితే చూసే చోటు మారి దగ్గరున్న కుర్చీ కాళ్లు, స్తంభాలు అతకవు. మీ కెమెరాలో వెనక భాగం కదిలే ఏర్పాటు ఉందో, బ్యాక్‌ని నిలువుగా తిప్పి పెట్టే వీలుందో చూసుకోండి. కొన్ని మోడళ్లలో షిఫ్ట్ అంతా లెన్స్ వైపే ఉంటుంది. గదిలో మనుషులు తిరుగుతుంటే, కర్టెన్లు ఊగుతుంటే ఈ పద్ధతి కుదరదు, అది ఒప్పుకోవాల్సిందే. రోజుకి పది ఫ్రేములు జాగ్రత్తగా తీసేవాళ్లకి బాగుంటుంది, యాభై తీయాల్సినవాళ్లకి ఒళ్లు నొప్పులే.

అందుకని నా మాట: మీరు చెప్పిన పని తీరుకి 100 చాలు. మీ 39లో పొడవు వైపు 7,216 పిక్సెళ్లు, 100లో 11,656. అంటే ఒక్కో వైపు 1.6 రెట్లు, అంగుళానికి 300 చొప్పున ప్రింట్ తీస్తే 24 అంగుళాల నుంచి దాదాపు 39 అంగుళాలకి పెరుగుతుంది. 150 అయితే 14,204, సుమారు 47 అంగుళాలు. ఈ ఆఖరి ఎనిమిది అంగుళాలు మీ క్లయింట్లలో ఎంతమంది అడిగారో మీరే గుర్తు తెచ్చుకోండి. 150కి వెళ్లాల్సిన కారణాలు వేరే ఉన్నాయి, అవి బలమైనవే: అతుకుల్లేకుండా ఒకే ఫ్రేములో వెడల్పు కావాలనుకోవడం, క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్‌ని వదల్లేకపోవడం, బ్యాక్ లోపలే చాలా ఫ్రేముల్ని సగటు తీసి, కాంతిని తగ్గించే ఎన్డీ ఫిల్టర్ లేకుండానే నీళ్లని పట్టులా చేసే ఏర్పాటు. మూడోది చూసి నేను కూడా ఒకసారి పర్సు దాకా చెయ్యి పోనిచ్చాను.

సాఫ్ట్‌వేర్ గురించి చాలామంది కొన్నాక ఆలోచిస్తారు. ఫేజ్ వన్ ఫైళ్లు క్యాప్చర్ వన్‌లో తెరుచుకుంటాయి, అక్కడి ఎల్‌సీసీ పనిముట్టు టెక్నికల్ కెమెరా వాళ్లకి చేతికి అలవాటైన కత్తి లాంటిది. హాసల్‌బ్లాడ్ రా ఫైళ్లని క్యాప్చర్ వన్ ఏళ్ల తరబడి తీసుకోలేదు, కొనేముందు ఇప్పటి సంగతి చూసుకోండి. వాటికి వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ ఫోకస్ ఉంది (స్పెల్లింగు వేరు, తెలుగులో రాస్తే మనం రోజూ తిప్పే ఫోకస్సే అవుతుంది, ఏం చేస్తాం), దాంట్లో సీన్ కాలిబ్రేషన్ అనే పేరుతో ఇదే పని జరుగుతుంది. లేదంటే లైట్‌రూమ్, దాంట్లో ఫ్లాట్-ఫీల్డ్ కరెక్షన్ ఉంది. రెండూ పనిచేస్తాయి. కానీ పదేళ్లుగా మీ చేతివేళ్లకి పట్టిన షార్ట్‌కట్లు, రంగుల ప్రొఫైళ్లు, సెషన్ల అమరిక అన్నీ మళ్లీ మొదటినుంచి. నాకు అలవాటు పడడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఇక ఫోకస్, అంటే అసలు ఫోకస్. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. కొత్త బ్యాక్ పెట్టగానే మీ లెన్స్ మీద ఇన్ఫినిటీ గుర్తు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ప్రతి బ్యాక్‌లోనూ సెన్సర్ కూర్చునే లోతు అణువంత తేడాగా ఉంటుంది, ఎడాప్టర్ ప్లేటు (బ్యాక్‌ని కెమెరాకి బిగించే పలక) ఇంకో అణువు కలుపుతుంది. అణువంటే ఎంత? 0.05 మి.మీ. తేడా ఉందనుకోండి, కాగితం మందంలో సగం. 35 లెన్స్‌ని ఇన్ఫినిటీ దగ్గర పెడితే నిజానికి ఫోకస్ 24.5 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఎఫ్8లో దూరపు కొండ మీద వచ్చే మసక 6.25 మైక్రాన్లు. మీ పాత బ్యాక్‌లో పిక్సెల్ 6.8 మైక్రాన్లు, అంటే ఆ తప్పు ఒక్క పిక్సెల్‌లో దాక్కునేది, మీరెప్పుడూ చూసి ఉండరు. 3.76 మైక్రాన్ల సెన్సర్‌లో అది దాదాపు రెండు పిక్సెళ్ల మీదకి పరుచుకుంటుంది. కొత్త బ్యాక్ కొన్నవాళ్లు మొదటివారంలో లెన్స్ పాడైందని గోల పెట్టేది దీనికే.

ఆల్పా లాంటి కెమెరా తయారీదారులు దీనికోసం 0.01 మి.మీ. లెక్కలో పలచటి షిమ్‌లు (సందు సరిచేసే రేకులు) ఇస్తారు, ఎడాప్టర్ ప్లేటు కింద వేసుకోవాలి. ఆర్కా-స్విస్ వాళ్ల పద్ధతి వేరు, అక్కడ ఫోకస్ రింగు మీద అంకెలుంటాయి, మీరే పట్టిక రాసుకోవాలి. ఏ కెమెరా అయినా పరీక్ష ఒకటే: కిలోమీటరు దాటి దూరంలో ఉన్న సన్నటి అంచులున్న వస్తువు, టవర్ లాంటిది, లెన్స్ పూర్తిగా తెరిచి, ఇన్ఫినిటీ నుంచి కొద్దికొద్దిగా తిప్పుతూ తీయండి. మధ్యలోనే కాదు, నాలుగు మూలల్లోనూ చూడండి. ఎడమ ఒక గుర్తు దగ్గర, కుడి ఇంకో గుర్తు దగ్గర షార్ప్ అయితే సెన్సర్ ఒరిగి ఉన్నట్టు, లేదా ప్లేటు కింద దుమ్ము రేణువు ఉన్నట్టు. ముందు దుమ్ము చూడండి. నేను ఒకసారి పూటంతా షిమ్‌లు మార్చాక ప్లేటు మూల కింద ఒక వెంట్రుక దొరికింది.

లైవ్ వ్యూ ఉంది కదా, ఇంక షిమ్ ఎందుకు అంటారు. నిజమే, సీమాస్ బ్యాక్ లైవ్ వ్యూలో వంద శాతం పెంచి చూసి ఫోకస్ చేస్తే గుర్తులతో పనిలేదు, గ్రౌండ్ గ్లాస్ మీద నల్లగుడ్డ కప్పుకుని భూతద్దంతో వెతుక్కునే రోజులు పోయాయి, నేనైతే వాటిని మిస్ అవ్వడం లేదు. కానీ చీకటి గదిలో, సూర్యుడు తెర మీద పడుతున్నప్పుడు, చలిలో బ్యాటరీ మిగుల్చుకోవాల్సి వచ్చినప్పుడు లేజర్ దూరమాపకం, నమ్మదగిన గుర్తులే దిక్కు. ఒక్క పూట ఖర్చు పెట్టి సరిచేసుకోండి.

ఎపర్చర్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. 39తో మీరు హాయిగా ఎఫ్11, ఎఫ్16 వాడి ఉంటారు. ఎఫ్11 దగ్గర డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల ఒక చుక్క సుమారు 15 మైక్రాన్లకి పరుచుకుంటుంది. పాత సెన్సర్‌లో అది రెండు పిక్సెళ్లు, కొత్తదాంట్లో నాలుగు. ఫొటో పాడవదు, కానీ డబ్బు పెట్టి కొన్న వివరం కొంత అక్కడే ఆవిరైపోతుంది. ఎఫ్8 మీద ఉండండి, లోతు కావాలంటే టిల్ట్ (లెన్స్‌ని కాస్త వంచడం) వాడండి, లేదంటే రెండు మూడు ఫోకస్ ఫ్రేములు తీసి కలపండి. ష్నైడర్ 35 అంచులు మాత్రం ఎఫ్11 దగ్గరే తేరుకుంటాయి, ఎక్కువ షిఫ్ట్ ఉన్నప్పుడు నేను డిఫ్రాక్షన్‌ని లెక్కచేయకుండా అక్కడికే వెళ్తాను.

షట్టర్ సంగతి. మీ లెన్సుల్లో కోపాల్ కంపెనీ షట్టర్ ఉండి ఉంటుంది, వాటి తయారీ ఆగి చాలాకాలమైంది, నెమ్మదిగా అరిగిపోతున్నాయి. కొత్త బ్యాకుల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంది కాబట్టి కోపాల్‌ని తెరిచిపెట్టి వాడొచ్చు, షట్టర్‌ని బ్యాక్‌కి కలిపే సింక్ కేబుల్ గొడవ లేదు, బ్యాక్‌ని నిద్రలేపడానికి ముందో నొక్కు నొక్కే తంటా లేదు. కానీ ఈ పెద్ద సెన్సర్లు పైనుంచి కిందకి చదవడానికి సమయం తీసుకుంటాయి. గాలికి ఊగే కొమ్మలు, వెళ్లే కార్లు వంకరపోతాయి, కొన్ని ఎల్ఈడీ దీపాల కింద చారలు పడతాయి. ఫ్లాష్ వాడేవాళ్లయితే కోపాల్, సింక్ కేబుల్ అలాగే ఉంచుకోండి. కేబుల్ రెండు కొనండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఎవరో మీకు మిర్రర్‌లెస్ ఫుజీ జీఎఫ్ఎక్స్ 100 వెనక తగిలించమని సలహా ఇచ్చారన్నారు. సెన్సర్ ఆ సైజుదే, ధర చాలా తక్కువ, నిజమే. కానీ దాని సెన్సర్ మౌంట్ నుంచి 26.7 మి.మీ. లోతున కూర్చుంటుంది, ముందు ఉన్న మౌంట్ గొంతు ఏటవాలు కాంతికి గోడలా అడ్డం నిలుస్తుంది. 70, 90, 120 లెన్సులతో చక్కగా పనిచేస్తుంది, వస్తువుల ఫొటోలు తీసేవాళ్లకి నేనే చెప్తాను తీసుకోమని. మీ 35తో మాత్రం వద్దు, ఇన్ఫినిటీకి చేరేంత దగ్గరికి లెన్స్ వెళ్లడమే కష్టం, షిఫ్ట్ మాట తర్వాత.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే చూడాల్సినవి. ముందు మౌంట్. ఫేజ్ వన్ బ్యాకులు ఫేజ్/మామియా, హాసల్‌బ్లాడ్ హెచ్, హాసల్‌బ్లాడ్ వీ లాంటి వేర్వేరు మౌంట్లతో వచ్చాయి, కొన్నాక మార్చుకోవడం మన చేతిలో పని కాదు. సీఎఫ్‌వీ అయితే వీ మౌంట్. దానికి సరిపోయే ఎడాప్టర్ ప్లేటు మీ కెమెరా తయారీదారు దగ్గర ఇప్పటికీ దొరుకుతుందా అన్నది బ్యాక్ బేరం ఆడకముందే తేల్చుకోండి, నేను ప్లేటు కోసం రెండు నెలలు బ్యాక్‌ని డబ్బాలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నవాణ్ణి. తర్వాత, మూత పెట్టి మీరు వాడే అతి పొడవైన ఎక్స్‌పోజర్ ఒకటి తీసి తెల్ల చుక్కలు, నిలువు గీతలు చూడండి. ఎఫ్16లో తెల్లగోడ ఫోకస్ లేకుండా తీసి, కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి. దుమ్ము కనిపిస్తే పర్లేదు, తుడిస్తే పోతుంది, గీతలు గానీ ముక్కల మధ్య రంగు తేడా గానీ ఉంటే వదిలేయండి. సింక్ సాకెట్‌లో కేబుల్ పెట్టి అటూ ఇటూ కదుపుతూ పది షాట్లు కొట్టండి. ఫైర్‌వైర్ మాత్రమే ఉన్న బ్యాక్ అయితే కంప్యూటర్‌కి కలపడం తలనొప్పి, కొత్త మెషీన్లలో ఆ రంధ్రమే లేదు. వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందా లేదా రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, కొత్తదైనా పాతదైనా డబ్బు కట్టేముందు రెండు రోజులు అద్దెకో అరువుకో తెచ్చుకోండి. తెచ్చి అందమైన ఫొటోలు తీయకండి. మీ 35 పెట్టి, మీరు ఇన్నేళ్లలో చేసిన అతి పెద్ద షిఫ్ట్ ఎంతో అంత జరిపి, మబ్బుల్లేని ఆకాశాన్నీ, ఖాళీ తెల్లగోడనీ తీయండి. ప్రతిదానికీ వెంటనే ఎల్‌సీసీ. షిఫ్ట్ మార్చితే మళ్లీ ఎల్‌సీసీ, ఎపర్చర్ మార్చినా మళ్లీ. ఇంటికొచ్చి సరిచేశాక గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తెలుపులో ఉంటే ఆ బ్యాక్ మీ లెన్స్‌తో కాపురం చేస్తుంది. ఒక మూల ఎంత చేసినా మచ్చలు పోకపోతే, దాని మెగాపిక్సెళ్లు ఎన్నయినా సరే, తిరిగి ఇచ్చేయండి.

ఆ నిలువు ఫ్రేములు రెండు, ఎడమకి 12, కుడికి 12, ఎఫ్8లో ఒకసారి, ఎఫ్11లో ఒకసారి తీసి, ఎల్‌సీసీలతో సహా రా ఫైళ్లు ఇక్కడ పెట్టండి. నా దగ్గర ఇదే లెన్స్‌తో తీసినవి ఉన్నాయి, పక్కపక్కన పెట్టి అంచులు ఎలా ఉన్నాయో చూసి చెప్తాను.